ఎలిజబెత్ కాటన్ ఆల్బమ్ రీఇష్యూ వింటున్నా, ఆ బేస్ అలా ఎలా మోగుతోంది?

క్యారీ_తీగలు అడిగారు:

అందరికీ నమస్తే. ఫింగర్‌పికింగ్ (వేళ్ళతో గిటార్ తీగలు మీటడం) పిచ్చి ఉన్నవాళ్ళు ఇక్కడ కొంతమంది ఉన్నారని తెలుసు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. ఈ మధ్య ఒకే ఒక్క ఆల్బమ్ పట్టుకుని వదలట్లేదు. ఎలిజబెత్ కాటన్ అనే పాతతరం అమెరికన్ ఫోక్ గాయని, గిటారిస్టు గారిది, "ఫ్రైట్ ట్రైన్ అండ్ అదర్ నార్త్ కరోలినా ఫోక్ సాంగ్స్ అండ్ ట్యూన్స్", స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ అనే రికార్డు కంపెనీ వాళ్ళు 1989లో సీడీగా మళ్ళీ వేసినది. ఒక గిటార్, ఒక ముసలావిడ గొంతు, అంతే, ఇంకేం లేదు. అయినా విన్న ప్రతిసారీ ఇంకో తీగ ఏదో కొత్తగా వినపడుతుంది.

నేనుండేది నార్త్ కరోలినాలో క్యారీలో, మన తెలుగువాళ్ళు ఈ చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడికి అరగంట దూరంలో, చాపెల్ హిల్ పక్కన కార్బొరోలో. అక్కడ రైలు పట్టాల పక్కనుంచి సైకిళ్ళకీ నడిచేవాళ్ళకీ ఒక దారి వేసి దానికి లిబ్బా కాటన్ బైక్‌వే అని ఆవిడ పేరే పెట్టారు. లిబ్బా అంటే ఎవరో తెలీకుండానే ఆ దారిలో ఎన్నోసార్లు నడిచాను, పేరు చూసి ఇంటికొచ్చి వెతికితే ఈ ఆల్బమ్ దొరికింది, అప్పట్నుంచి ఇదే.

ఇప్పుడు అడగాల్సినవి. 1958లో "ఫోక్‌సాంగ్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంటల్స్ విత్ గిటార్" అని ఒక ఎల్పీ వచ్చిందంటున్నారు, అదీ ఇదీ ఒకటేనా వేరేనా? రెండోది, నేను ఎప్పట్నుంచో గిటార్ వాయిస్తున్నా, ఆల్టర్నేటింగ్ బేస్ (బొటనవేలితో లావు తీగల్ని మార్చి మార్చి మీటడం) కూడా వచ్చు, కానీ ఇందులో బేస్ వినపడే తీరు నా చేతిలో రావట్లేదు. నాది బండగా దుమ్ దుమ్‌మని ఉంటుంది, ఆవిడది తేలిగ్గా ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుంది, మెలొడీ మాత్రం గుండ్రంగా ముందుకొచ్చి నిలబడుతుంది. మూడోది, "వాస్టపాల్" అనే ట్రాక్ మామూలు ట్యూనింగ్‌లో (తీగల శ్రుతిలో) అస్సలు కుదరట్లేదు, ఏం ట్యూనింగో ఎవరికైనా తెలుసా?

---

పాతరికార్డు_బెజవాడ:

మంచి ఆల్బమ్ పట్టుకున్నారండీ. మొదటిదానికి నేను చెప్తా. రెండూ ఒకటే. 1958 ఎల్పీయే 1989లో పేరు మార్చుకుని సీడీగా వచ్చింది. మోజెస్ ఆష్ అనే ఆయన 1948లో న్యూయార్క్‌లో పెట్టిన కంపెనీ ఫోక్‌వేస్. ఆయన పద్ధతేంటంటే ఒకసారి వేసిన రికార్డుని కేటలాగ్‌లోంచి తీసెయ్యడు, ఏడాదికి నాలుగు కాపీలు అమ్ముడైనా సరే. ఆయన 1986లో పోయాక 1987లో అమెరికాలో మ్యూజియంలు నడిపే స్మిత్సోనియన్ సంస్థ ఆ మొత్తం తీసుకుంది, రెండు వేలకు పైగా టైటిల్స్, అన్నీ జనానికి దొరికేలా ఉంచాలన్నదే ఒప్పందంలో షరతు. అందుకే మీ చేతికి ఇవాళ ఈ సీడీ వచ్చింది. వేరే కంపెనీల్లో ఇలాంటి రికార్డులు ఒకసారి ఆగిపోతే పాతసామాన్ల కొట్లో వెతుక్కోవాల్సిందే.

పాత ఎల్పీ ఒక ఫ్రెండ్ ఇంట్లో చూశాను. ఫోక్‌వేస్ వాళ్ళ అట్ట ఎలా ఉంటుందంటే, నల్లటి మందపాటి అట్టకి ముందూ వెనకా కలిసొచ్చేలా కాగితం అతికిస్తారు, లోపల ఒక బుక్‌లెట్ పెడతారు, పాటల సాహిత్యం, ఎక్కడ ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నీ అందులో ఉంటాయి. ఆ నోట్స్ మాత్రం తప్పక చదవండి, ఫోక్‌వేస్ సైట్‌లో ఫ్రీగా పీడీఎఫ్ పెట్టారు.

రికార్డింగ్ చేసింది మైక్ సీగర్ అనే ఫోక్ సంగీతకారుడు. స్టూడియో కాదు, వాషింగ్టన్‌లో ఆవిడ ఇంట్లోనే, 1957 చివర్లో 1958 మొదట్లో, టేప్ రికార్డర్ పట్టుకెళ్ళి చేశాడు. అప్పటికి ఆవిడకి అరవై దాటాయి, ఇదే మొదటి ఆల్బమ్. అందుకే అంత దగ్గరగా వినిపిస్తుంది. వెనకాల సన్నగా టేప్ హిస్, అంటే బుసబుసమనే శబ్దం, ఉంటుంది, దాన్ని ఈక్వలైజర్‌తో చంపకండి, హిస్ తగ్గిస్తే తీగ మీద వేలు ఆనిన చప్పుడు కూడా పోతుంది, ఈ రికార్డులో సగం అందం ఆ చప్పుడే.

---

ఎడమచెయ్యి_ఓరుగల్లు:

క్యారీ అన్నా, రెండో ప్రశ్న నాకిడిసిపెట్టుండ్రి. నాది గూడ ఈమె లెక్కనే ఎడమచెయ్యే. చిన్నప్పుడు గిటార్ క్లాసుకు పోతే సారు మొదటిరోజే కుడిచేత్తో పట్టు లేకుంటే రాకు అన్నడు, ఎంత చేసినా నా చెయ్యి తిరుగకపాయె, మానేసిన. శానా ఏండ్లకు ఫోక్ సింగర్ పీట్ సీగర్ టీవీ ప్రోగ్రాం రెయిన్‌బో క్వెస్ట్‌ల ఈమె వాయించిన వీడియో చూసిన, అప్పుడు మళ్ళ గిటార్ పట్టిన. గందుకే ఈమె గురించి ఎవ్వరన్న అడిగితే నాకు చెప్పబుద్ధైతది, జెర లంబా అయితది ఏమనుకోకుండ్రి.

మామూలుగ ఎడమచేతోళ్ళు గిటార్ కొంటే తీగలు తిరగేసి కట్టిస్తరు, బొద్దు తీగ పైకి రావాలె గదా. ఈమె గట్ల చెయ్యలె. చిన్నప్పుడు అన్న బ్యాంజో ఉండేది, ఆయన బయటికి పోయినంక చాటుగ తీసి వాయించేది. అన్న సామాను, తీగలు మారుస్తే ఊకుంటడా? గందుకే కుడిచేతి వాటానికి కట్టినదాన్నే ఉల్టా పట్టుకొని నేర్చుకున్నది. తర్వాత పనికి పోయి పైసలు జమ చేసి 3 డాలర్ల 75 సెంట్లు పెట్టి సొంతంగ స్టెల్లా గిటార్ కొనుక్కున్నది, దాన్ని గూడ గట్లనే పట్టింది. చూపించేటోళ్ళు ఎవ్వరు లేరు, సొంతంగనే నేర్చింది.

ఇప్పుడు ఉల్టా పడితే ఏమైతది? సన్న తీగలు పైకి, ముఖం దిక్కు వస్తయి. బొద్దు తీగలు కిందికి, నేల దిక్కు పోతయి. మీటే చెయ్యి ఎడమది. బొటనవేలు ఎప్పుడైనా పైకే ఉంటది గదా, అంటే బొటనవేలు కిందికి సన్న తీగలొచ్చినయి. మనందరం బొటనవేలుతోని బేస్ కొడతం, వేళ్ళతోని మెలొడీ తీస్తం. ఈమె బొటనవేలుతోని మెలొడీ వాయిస్తది, చూపుడువేలుతోని బేస్ తీస్తది. మొత్తం అటుదిటు ఇటుదటు. దీన్నే అమెరికాల కాటన్ పికింగ్ అని పిలుస్తరు.

ఇగ మీరడిగిన చప్పుడుకు వద్దాం. బొటనవేలు బలమైనది, కండ ఉన్న వేలు, పైనుంచి కిందికి నూకుతది. ఆ బలం సన్న తీగ మీద పడుతున్నది, గందుకే మెలొడీ గుండ్రంగ నిండుగ వస్తది, ఎక్కడ పలచగ అనిపియ్యది. బేస్‌నేమో చూపుడువేలు కిందికెళ్ళి పైకి, అరచేతి దిక్కు లాగుతది. చూపుడువేలుకు అంత బరువు లేదు, లాగి వెంటనే ఇడిసిపెడతది, గందుకే మీకు తేలిగ్గ ఎగిరినట్టు వినపడుతున్నది. "విల్సన్ రాగ్" పెట్టుండ్రి, ఆల్బమ్‌ల మొదటి ట్రాక్ అదే, పాట లేదు ఉత్త గిటారే. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని మెలొడీ వదిలేసి ఉత్త బేస్ ఒక్కటే ఇనుండ్రి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎక్కడ తప్పది, ఎక్కడ గట్టిగ గూడ పడది.

మీ చేతిల రావాల్నంటే గిటార్ తిప్పే పనిలేదు. నేను మా దోస్తులకు చెప్పేది ఇదే. బొటనవేలు మోత సగానికి తగ్గియ్యుండ్రి, అరచెయ్యి మడమ బ్రిడ్జి (గిటార్ మీద తీగలు కట్టే పట్టీ) కాడ బేస్ తీగల మీద ఆనీ ఆననట్టు పెట్టుండ్రి. మెలొడీకి గోరు తగలనియ్యకుండ్రి, వేలికొస కండతోని మీటుండ్రి. సీ కార్డ్‌ల (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్టు) అయిదో తీగ నాలుగో తీగ మీద బేస్ తిరగాలె, జీ వచ్చేసరికి ఆరో తీగ నాలుగో తీగ. స్పీడ్ పెంచకుండ్రి, ఆమె ఫ్రైట్ ట్రైన్ పాట వాయించే స్పీడ్ మనం అనుకునేదానికన్న తక్కువ. కవర్లు చేసేటోళ్ళు, అంటే ఆమె పాటను మళ్ళ వాయించేటోళ్ళు, అందరు ఉరుకుతరు.

---

క్యారీ_తీగలు:

అన్నా మీరు రాసింది చదివి వెంటనే విల్సన్ రాగ్ పెట్టి బేస్ ఒక్కటే విన్నాను. ఇన్నిసార్లు విన్నాను కానీ మెలొడీ వెనకాలే పడి పోయేవాణ్ణి, ఇప్పుడు బేస్ పట్టుకుంటే అదే ఒక వేరే పాటలా ఉంది. అరచెయ్యి మడమ ఆనించడం కూడా చేసి చూశా, చాలా దగ్గరికొచ్చింది. థాంక్స్ చాలా చిన్న మాట. ఫ్రైట్ ట్రైన్‌లో సీ, జీ తర్వాత మూడో లైన్ దగ్గర ఒక ఈ సెవెన్ కార్డ్ వస్తుంది కదా, అక్కడ్నుంచి ఎఫ్‌లోకి వెళ్ళేటప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది ప్రతిసారీ. పన్నెండేళ్ళప్పుడు కట్టిన పాటంటారు, అంత చిన్నపిల్ల అక్కడ ఆ కార్డ్ ఎలా ఊహించిందో.

---

ఉత్తగిటార్_చాలు:

గిటార్ గురించి మీరన్నదంతా ఒప్పుకుంటా కానీ ఒక మాట, పాడే ట్రాక్స్ నాకు ఎక్కట్లేదు. గొంతు కొంచెం కిందకి జారుతూ ఉంటుంది, ఊపిరి కూడా చాలనట్టుంటుంది. నేను ఇన్‌స్ట్రుమెంటల్స్ మాత్రం ప్లేలిస్ట్ చేసుకున్నా, విల్సన్ రాగ్, గ్రాడ్యుయేషన్ మార్చ్, వాస్టపాల్, స్పానిష్ ఫ్లాంగ్ డాంగ్. ఆ నాలుగూ వింటే ఆల్బమ్ మొత్తం విన్నట్టే నాకైతే.

---

పాతరికార్డు_బెజవాడ:

బాబూ ఆ నాలుగూ బంగారమే, కాదనను. కానీ గొంతు తీసేస్తే ఆల్బమ్ సగమైపోతుంది. ఆవిడ పాడేటప్పుడు గిటార్ ఏం చేస్తోందో గమనించు, బొటనవేలు ఏ మెలొడీ వాయిస్తోందో గొంతు అదే పాడుతోంది, రెండూ పక్కపక్కనే నడుస్తాయి, గొంతు కోసం గిటార్ తగ్గడం గానీ, గిటార్ మీదెక్కి గొంతు అరవడం గానీ ఉండదు. ఇంట్లో కూర్చుని పాడుకునేవాళ్ళ గొంతు అది, స్టేజీ గొంతు కాదు. నిజానికి అప్పటికి ఆవిడ స్టేజీ ఎక్కనే లేదు.

ఈ రికార్డు ముందు సంగతి కూడా తెలియాలి. ఆవిడకి చిన్న వయసులోనే పెళ్ళయింది, చర్చిలో చేరాక ఇలాంటి లోకం పాటలు వద్దన్నారు, గిటార్ పక్కన పడింది, ఎన్నో ఏళ్ళు ముట్టుకోలేదు. తర్వాత వాషింగ్టన్‌లో ల్యాన్స్‌బర్గ్స్ అనే పెద్ద షాపులో బొమ్మలు అమ్మే దగ్గర పనిచేస్తుంటే ఒక పాప తప్పిపోయి ఏడుస్తూ దొరికింది, ఆ పాపని తల్లి దగ్గరికి చేర్చింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, పేరున్న కంపోజర్, ఆ పాప పెగ్గీ సీగర్. వాళ్ళింట్లోనే తర్వాత వంటకీ ఇంటిపనికీ చేరింది. వాళ్ళింటి నిండా వాయిద్యాలూ పాటలూ, పీట్ సీగర్ కూడా ఆ కుటుంబమే. గోడకి వేలాడే గిటార్ తీసి ఆవిడ వాయించుకుంటుంటే పిల్లలు చూశారు. ఇంట్లో వంట చేసే మనిషి చేతిలో ఇంత ఉందని అప్పుడు తెలిసింది వాళ్ళకి. మైక్ ఆ ఇంటి కొడుకే.

అందుకని నాకు ఆ గొంతు కిందకి జారినా పర్వాలేదు బాబూ. "ఓ బేబ్ ఇట్ ఎయింట్ నో లై" ఒక్కసారి పూర్తిగా విను. చిన్నప్పుడు పక్కింటావిడ తన మీద వాళ్ళమ్మకి అబద్ధం చెప్పి దెబ్బలు తినిపించిందట, దాని మీద కట్టుకున్న పాట. అరవై దాటాక కూడా ఆ పిల్ల కోపం అలాగే ఉంది అందులో.

---

వీణ_తంత్రి:

నేను గిటార్ వాయించను, వీణ నేర్చుకున్నాను, అందుకని కొంచెం పక్కనుంచి వింటున్నా ఈ ఆల్బమ్‌ని. నాకు మొదట పట్టుకున్నది కూడా ఆ బేసే. వీణలో పక్కన మూడు తాళపు తీగలుంటాయి కదా, చూపుడువేలూ మధ్యవేలూ పైనుంచి రాగం మీటుతుంటే చిటికెనవేలు కిందనుంచి పైకి ఆ తీగల్ని మీటుతూ తాళం చూపిస్తుంది. కాటన్ గారి చూపుడువేలు చేసే పని నా చిటికెనవేలికి బాగా తెలిసిన పని అనిపించింది. తేడా ఎక్కడంటే మా తాళపు తీగలు షడ్జ పంచమాల్లోనే ఉండిపోతాయి, ఇక్కడ కార్డ్ మారినప్పుడల్లా బేస్ కూడా మారుతుంది, ఆ మారే చోట ఒక్క క్షణం ఆధారం కదిలినట్టుంటుంది, నాకు మొదట్లో ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు దానికోసమే ఎదురు చూస్తున్నా.

వాస్టపాల్ మాత్రం నాకు మొదటిసారే ఇంట్లో ఉన్నట్టనిపించింది, ఎందుకో చెప్పలేను, తెలిసినవాళ్ళు చెప్పండి.

---

ఓపెన్‌డీ_పిచ్చి:

అక్కా ఎందుకో నేను చెప్తా, అందులో తీగలు మొత్తం ఒక కార్డ్‌కి శ్రుతి చేసి ఉంటాయి, బేస్‌లో డీ, ఏ మోగుతూనే ఉంటాయి అంటే మీ సా, పా ఎక్కడికీ పోవు, అందుకే మీకు అలవాటైన చోటులా ఉంది.

క్యారీ గారూ మీ మూడో ప్రశ్నకి ఇదే సమాధానం, ఓపెన్ డీ ట్యూనింగ్. ఆరో తీగ ఈ నుంచి డీకి దించండి, అయిదూ నాలుగూ ముట్టుకోవద్దు, మూడో తీగ జీ నుంచి ఎఫ్ షార్ప్‌కి, రెండో తీగ బీ నుంచి ఏకి, ఒకటో తీగ ఈ నుంచి డీకి. అన్నీ దించడమే కాబట్టి తీగలు తెగే భయం లేదు. పైనుంచి కిందకి డీ, ఏ, డీ, ఎఫ్ షార్ప్, ఏ, డీ. ఏమీ నొక్కకుండా మొత్తం ఒకసారి మీటండి, డీ మేజర్ వస్తుంది.

ఈ పేరు వెనక నాకు చాలా ఇష్టమైన కథ ఉంది. 1854, 55లో క్రిమియా యుద్ధంలో సెబాస్టపోల్ కోట ముట్టడి జరిగింది కదా, దాని పేరు మీద అమెరికాలో హెన్రీ వొరాల్ అనే ఆయన గిటార్‌కి ఒక పీస్ రాసి అచ్చేయించాడు, ఈ ట్యూనింగ్‌లోనే. అప్పట్లో ఇళ్ళల్లో గిటార్ నేర్చుకునేవాళ్ళు ఆ కాగితం చూసి వాయించేవాళ్ళు. అది ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళి వెళ్ళి, కాగితం చదవడం రానివాళ్ళు విని నేర్చుకుని, పేరు సెబాస్టపోల్ కాస్తా వెస్టపాల్, వాస్టపాల్ అయిపోయింది. బ్లూస్ వాయించేవాళ్ళు ఇప్పటికీ ఓపెన్ డీని వెస్టపాల్ ట్యూనింగ్ అంటారు. ఇదే ఆల్బమ్‌లో స్పానిష్ ఫ్లాంగ్ డాంగ్ ఉంది చూడండి, అది కూడా వొరాల్ స్పానిష్ ఫాండాంగోలోంచి వచ్చిందే, అది ఓపెన్ జీలో, అందుకే ఓపెన్ జీని స్పానిష్ అంటారు. అంటే రెండు అచ్చు కాగితాలు నార్త్ కరోలినాలో ఒక పల్లెపిల్ల చేతికి చేరేసరికి తలకిందులైన గిటార్ మీద ఇలా మారాయి. ఈ రెండు ట్రాక్స్ వెనకవెనకే పెట్టి వినండి దయచేసి, ఎవరికీ వినిపించకుండా ఉండలేరు.

---

క్యారీ_తీగలు:

ట్యూన్ చేసి కూర్చున్నా, మొదటి నాలుగు బార్లు (ఆవర్తాలు) వచ్చేశాయి! మూడో తీగ ఎఫ్ షార్ప్‌కి దించాలని నాకు తట్టనే లేదు, ఆరో తీగ ఒక్కటే దించి కుస్తీ పడుతున్నా ఇన్నాళ్ళూ.

ఇంకో సందేహం. ఫ్రైట్ ట్రైన్ పాట క్రెడిట్స్‌లో కొన్ని పాత రికార్డుల మీద వేరే పేర్లు ఉన్నాయి, ఎవరో ఇద్దరు ఇంగ్లీషువాళ్ళవి. ఆవిడ పన్నెండేళ్ళప్పుడు రాసుకున్న పాటంటారు కదా, మరి అదేంటి?

---

పాతరికార్డు_బెజవాడ:

అది కడుపు మండే సంగతండీ. పెగ్గీ సీగర్ చిన్నప్పుడు ఆవిడ దగ్గర విని నేర్చుకున్న పాటని ఇంగ్లండ్ వెళ్ళినప్పుడు అక్కడ పాడింది. అక్కడ అప్పుడు స్కిఫిల్ అనే తేలికపాటి ఫోక్ సంగీతం గాలి వీస్తోంది. ఇద్దరు దాన్ని తమ పేరు మీద కాపీరైట్ చేయించుకున్నారు, చాస్ మెక్‌డెవిట్ గ్రూప్ నాన్సీ విస్కీతో పాడించి 1957లో రికార్డు వేస్తే బ్రిటన్‌లో పెద్ద హిట్టయింది. పాట కట్టిన మనిషి అప్పుడు వాషింగ్టన్‌లో ఒకరింట్లో వంట చేస్తోంది. సీగర్ కుటుంబం గట్టిగా నిలబడబట్టి తర్వాత ఆవిడ పేరూ కొంత రాయల్టీ దక్కాయి, అది కూడా మొత్తం కాదు. అందుకే నేను 1958 రికార్డుకి అంత విలువిస్తాను, ఆ పాట ఎవరిదో ఆవిడ చేత్తోనే, ఆవిడ గొంతుతోనే అక్కడ నమోదైపోయింది. ఆ పాటలో చిన్నపిల్ల ఏం కోరుకుంటుందో విన్నారు కదా, తను పోతే చెస్ట్‌నట్ స్ట్రీట్ చివర పాతిపెట్టమంటుంది, తొమ్మిదో నంబరు రైలు వెళ్ళేటప్పుడు వినపడాలని. ఇంటి పక్కన రైలు పట్టాలున్న పిల్లకి తప్ప ఇంకెవరికి తడుతుంది ఆ మాట?

ఆ తర్వాత మంచిరోజులు చూసింది లెండి. న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో వాయించింది, తొంభై దాకా ఊళ్ళు తిరిగి కచేరీలు చేసింది, లైవ్ ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది, 1984లో జానపద కళాకారులకి అమెరికా ఇచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్ ఇచ్చారు. 1987లో సిరక్యూస్‌లో పోయింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టారు.

---

ఎడమచెయ్యి_ఓరుగల్లు:

క్యారీ అన్నా, ఇది అయినంక రెండోది ఇనుండ్రి, "షేక్ షుగరీ", 1967ల వచ్చింది, అది గూడ మళ్ళ వేసిండ్రు. ఆ పేరు పాట ఈమె పాడలె, మునిమనుమరాలు బ్రెండా పాడింది, చిన్నపిల్ల. ఒక్కో చరణం ఒక్కో మునిమనుమడు మునిమనుమరాలు కలిసి కట్టిండ్రు. ఎనక గిటార్ మాత్రం ఈమెదే, ఆ పిల్ల ఊపిరి తీసుకునే కాడ బేస్ ఎట్ల ఆగకుండ పట్టుకుంటదో చూడుండ్రి.

ఉత్తగిటార్ తమ్మీ, నువ్వు గూడ ఇను, గొంతు నచ్చలేదంటివి గదా, ఇందుల ఆ పిల్ల గొంతు నచ్చకపోతే నన్నడుగు.

---

ఉత్తగిటార్_చాలు:

విన్నా అన్నా. నచ్చింది, చాలా. ఇప్పుడు మొదటి ఆల్బమ్ పాటలతో సహా మళ్ళీ మొదట్నుంచి పెట్టా, "ఓ బేబ్" దగ్గర ఉన్నా. ఇది కూడా సీ లోనేనా ఎవరైనా చెప్పండి, గొంతు వెంట పోతుంటే కార్డ్స్ పట్టుకోలేకపోతున్నా.